జీపులు, జేసీబీలు, బొబ్బిలి వీణలు

ఇంగ్లీషులో బ్రాండు పేరుకి బహువచనం ఎలా చెయ్యాలి అని ఎవరన్నా అడిగితే "ఎస్ తగిలిస్తే పోలా, దానికింత చర్చ ఎందుకు" అంటాం. చాలామటుకు అంతే కూడా. ఒక టొయోటా, రెండు టొయోటాస్. చివర ఎస్సు శబ్దం ఉంటే ఈఎస్ పెట్టాలి. ఒక లెక్సస్, రెండు లెక్ససెస్. అపాస్ట్రఫీ మాత్రం పెట్టకూడదు. గ్రామరు పుస్తకం పని అక్కడితో అయిపోతుంది. కానీ ఇంగ్లీషు స్క్రీన్లని తెలుగులోకి తెచ్చే పనిలో వేలు పెట్టాక ఈ ఎస్సు వెనకాల పెద్ద కథే ఉందని నాకు తెలిసింది. ఆ కథని మా శ్రీకాకుళం, విజయనగరం వైపు మాటల్తో కలిపి చూస్తే మనం రోజూ చేసే ఉద్యోగానికి పనికొచ్చే సంగతి ఒకటి బయటపడుతుంది. అదే చెప్పబోతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఇంగ్లీషు సంగతి. బెర్రీ అనే పండుకి బహువచనంలో వై ఎగిరిపోయి ఐఈఎస్ వస్తుంది. బ్లాక్‌బెర్రీ ఫోన్లు రాజ్యమేలిన రోజుల్లో మాత్రం చాలామంది ఆ వైని అలాగే ఉంచి ఎస్ తగిలించేవాళ్ళు. లీఫ్ అంటే ఆకు, బహువచనం లీవ్స్. కానీ టొరాంటో ఐస్ హాకీ జట్టు పేరు మేపుల్ లీఫ్స్, లీవ్స్ కాదు. అంటే మామూలు మాట వంగుతుంది, పేరు వంగదు. మనిషి ఇంటిపేరైనా అంతే, కెనెడీలు పదిమంది కలిసినా వై చెక్కుచెదరదు. 2011లో టొయోటా కంపెనీ తన ప్రియస్ కారుకి బహువచనం ఏమిటని జనం చేత ఓట్లేయించి, చివరికి లాటిన్ ఫక్కీలో "ప్రీ-ఐ" అని ప్రకటించింది. అదో సరదా. 2016లో యాపిల్ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ ట్విట్టర్లో దీనికి పూర్తిగా ఎదురు మాట చెప్పాడు. యాపిల్ వస్తువుల పేర్లకి బహువచనం అసలు అక్కర్లేదట, మూడు మాకింటాష్ అనాలి, లేదా మూడు మాకింటాష్ కంప్యూటర్లు అనాలట.

షిల్లర్ చెప్పింది కొత్త సంగతేం కాదు, ట్రేడ్‌మార్కు లాయర్లు ఎప్పట్నుంచో చెప్తున్నదే. వాళ్ళ లెక్కలో బ్రాండు పేరు నామవాచకం కాదు, విశేషణం. విశేషణానికి బహువచనం ఉండదు కదా! ఎర్ర చీరలు అంటాం గానీ ఎర్రలు చీరలు అనం. కాబట్టి పేరు ముందు పెట్టి, వస్తువు పేరు వెనక పెట్టి, బహువచనం ఆ వెనకదానికి తగిలించమంటారు. లెగోలు అనకు, లెగో ఇటుకలు అను. అంతా బాగానే ఉంది. ఈ రూలు ఇంగ్లీషు కోసం పుట్టింది. దాన్ని తెచ్చి తెలుగు నెత్తిన పెట్టినప్పుడు తంటా మొదలవుతుంది.

ఎందుకంటే ఇంగ్లీషు ఎస్ మాట వెనకాల బుద్ధిగా నించుంటుంది. మన "లు" అలా కాదు, వచ్చి ముందున్న మాటని కదిలిస్తుంది. రైలు రైళ్ళవుతుంది. స్కూలు స్కూళ్ళు, ఫైలు ఫైళ్ళు, హోటలు హోటళ్ళు. రోడ్డు రోడ్లవుతుంది, గేటు గేట్లవుతుంది. ఫారం అన్నది ఇంగ్లీషు ఫార్మే, కానీ అది పుస్తకం పక్కన కూర్చుని ఫారాలు అయిపోయింది. ఇవన్నీ నిన్న మొన్న పరాయి మాటలే. "లు" తగలగానే మన మాటల్లాగే వంగాయి.

మరి బ్రాండు పేర్లో? అక్కడ మనవాళ్ళు కూడా ఇంగ్లీషు వాళ్ళలాగే మర్యాద పాటిస్తారు. పిల్లి పిల్లులైనట్టు మారుతి కారు మారుతులు అవ్వాలి. అలా ఎవరూ అనరు, తిని దీర్ఘం తీసి మారుతీలు అంటారు. ఫైలు ఫైళ్ళయినట్టు గూగుల్ గూగుళ్ళు అవ్వలేదు. ఫారం ఫారాలయింది గానీ ఏటీఎం ఏటీయాలు కాలేదు, ఏటీఎంలు దగ్గర ఆగిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ సంగతీ అంతే. పేరుని పేరులా గుర్తు పట్టాలంటే దాని ఆకారం చెడకూడదన్న ఇంగితం అన్ని భాషల్లోనూ ఉన్నట్టుంది.

కానీ ఊళ్ళ పేర్లు చూడండి. కృష్ణా జిల్లాలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు శ్రీకాకుళం, మా జిల్లాదీ శ్రీకాకుళం. హంపీ రాయల రాజధాని విజయనగరం, మా గజపతులదీ విజయనగరం. శ్రీకాకుళాలు రెండు, విజయనగరాలు రెండు అని ఏ మాత్రం ఆలోచించకుండా అనేస్తాం. ఆ "ళాలు", "రాలు" వల్ల ఏ ఊరి పరువూ పోలేదు. చుట్టాన్ని కుర్చీలో కూర్చోబెడతాం, ఇంట్లోవాణ్ణి "ఒరే, ఆ చెంబు ఇలా అందుకో" అంటాం. మాటలతోనూ అంతే. పేరు ఎంత వంగితే అంత ఇంటిదైనట్టు.

ఆ లెక్కన ఇంటివైపోయిన బ్రాండులు మా వైపు బోల్డున్నాయి. పార్వతీపురం, సాలూరు, సీతంపేట ఏజెన్సీ ఊళ్ళకి (2022లో విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లా అయింది లెండి) బస్సులు సరిగా లేని రోజుల్లో జనాన్ని కొండెక్కించినవి జీపులే. లోపల పది మంది, పైన పది మంది, వెనకాల వేలాడేవాళ్ళు అదనం. ఆ జీపు అనే మాట అమెరికాలో విల్లీస్ కంపెనీ పేరు మీద 1950లో రిజిస్టరయిన ట్రేడ్‌మార్కు. ఇప్పటికీ అది బతికున్న బ్రాండే, ప్రస్తుతం స్టెల్లాంటిస్ చేతిలో ఉంది. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపుల్ని బిగించడంతో మొదలెట్టి, తర్వాత తమ సొంత బళ్ళు చేశారు. 2016లో అసలు జీప్ బ్రాండు ఇండియాలో కార్లు అమ్మడం మొదలెట్టింది. 2018లో ఆ బ్రాండు యజమానులు అమెరికాలో మహీంద్రా మీద ఫిర్యాదు చేశారు, వాళ్ళ రాక్సర్ బండి మా జీప్ పోలికలతో ఉందని. ఇదంతా సాలూరు సెంటర్లో జీపు కోసం నించున్న ముసలమ్మకి చెప్పి చూడండి! ఆవిడకి జీపు అంటే కొండెక్కే బండి. ఆవిడ ఎక్కినవన్నీ మహీంద్రాలే, పిలిచినవన్నీ జీపులే.

కిరాణా కొట్టులో ఇంకో చిత్రం జరుగుతుంది. "రెండు సర్ఫులు, నాలుగు క్లినిక్ ప్లస్సులు, రెండు థమ్సప్పులు ఇయ్యి బాబూ" అంటుంది ఒకావిడ. ఒక్కచోటా వస్తువు పేరు లేదు, ప్యాకెట్టో సీసానో చెప్పలేదు. కొట్టువాడికి మాత్రం ఒక్క క్షణం అనుమానం రాదు. సర్ఫులంటే పొట్లాలు, థమ్సప్పులంటే సీసాలు. (థమ్సప్పులో ఇంగ్లీషు ఎస్ ఒకటి ముందే ఉంది, దాని మీద మన "లు". ఎవరికీ బరువనిపించదు.) మా ఊళ్ళో నాలుగు ఎక్సెల్లు అంటే నాలుగు టీవీఎస్ మోపెడ్లు. ఆఫీసులో నాలుగు ఎక్సెల్లు పంపమంటే నాలుగు ఫైళ్ళు. ఒకే "లు", చోటుని బట్టి కొలత మారిపోతుంది. లాయర్ల రూలు ప్రకారం ఆవిడ "రెండు సర్ఫ్ డిటర్జెంట్ పౌడర్ పొట్లాలు" అనాలి. అనేలోగా వెనకాల క్యూ పెరిగిపోతుంది :)

ఇవన్నీ నవ్వులాట అనుకుంటారేమో, అందుకే ఇంకోటి చెప్తాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి ఒరిగిపోయాయి. కవిటి వైపు ఉన్న మా మావయ్యకి ఫోను కలవడానికి చాలాసేపు పట్టింది. కలిశాక ఆయన మొదట చెప్పింది ఇల్లు గురించి కాదు. "చెట్లన్నీ రోడ్డుకడ్డంగా పడిపోనాయిరా. జేసీబీలు రావాల. జేసీబీలొస్తే గానీ ఎవులూ బయటికి కదల్లేరు" అన్నాడు. జేసీబీ అంటే 1945లో ఇంగ్లండులో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలు. పేపర్లలో దాని పక్కనే కనపడే ప్రొక్లెయిన్ కూడా పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరే, మనవాళ్ళ నోట్లో ఒక రకారం కలిసింది. ఆ వేళ వచ్చిన యంత్రం మీద ఏ కంపెనీ బొమ్మ ఉందో మావయ్య చూసి ఉండడు. ఆయనకి కావల్సింది చెట్టుని పక్కకి లాగే ఇనపచెయ్యి. ప్రాణం మీదికొచ్చినప్పుడు నోటికి ముందు ఏ మాట వస్తుందో అదే ఆ భాషలో అసలైన మాట. అక్కడ "జేసీబీ బ్రాండు తవ్వు యంత్రములు" అనే తీరిక ఎవరికీ ఉండదు.

మరి కంపెనీల భయంలో అర్థం లేదా అంటే, ఉంది. పేరు మరీ ఇంటిదైపోతే కోర్టులో యజమానికి దక్కకుండా పోతుంది. ఎస్కలేటర్ అన్నది ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్కుగా ఉండేది, 1950లో అమెరికాలో అది అందరి మాట అని తేల్చేశారు. కిరోసిన్ కూడా 1854లో అబ్రహాం గెస్నర్ రిజిస్టరు చేయించుకున్న పేరే. మనింటికొచ్చి కిరసనాయిలు అయింది, ఇంకెవడు గుర్తు పడతాడు? జిరాక్సు మీద మన దేశంలోనే దావా నడిచింది. అది ఇప్పుడు అందరి మాటే కదా, ట్రేడ్‌మార్కు రద్దు చెయ్యండి అని అడిగితే 2012లో అప్పటి మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డు ఒప్పుకోలేదు. కాబట్టి చట్టంలో జిరాక్స్ ఇంకా ఒక కంపెనీది. కలెక్టరాఫీసు ఎదురుగా కొట్లలో మాత్రం జిరాక్సులు పేజీకింతని తీస్తూనే ఉంటారు. చట్టమూ నడుస్తోంది, జిరాక్సులూ నడుస్తున్నాయి.

పెద్ద కంపెనీలనే కాదు, పేరు కాపాడుకోవాల్సిన అవసరం చిన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. బొబ్బిలి వీణనే తీసుకోండి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస చెక్కని తొలిచి చేస్తారు. కుండ, దండి అతుకు లేకుండా ఒకే మొద్దులోంచి తీసినదాన్ని ఏకాండి వీణ అంటారు. దానికి 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఉన్నది ఎక్కడో మరో చోట చేసిన వీణని బొబ్బిలి వీణ అని అమ్మకుండా ఉండటానికి. పొందూరు ఖద్దరు కూడా అలాంటిదే. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో సన్నగా నూలు వడికి నేసే గుడ్డకీ, మిల్లు గుడ్డ మీద అతికించిన "పొందూరు" కాగితానికీ తేడా తెలియకపోతే నష్టపోయేది మగ్గం ముందు కూర్చున్న మనిషి.

ఇప్పుడొక్కటి గమనించండి. బొబ్బిలి వీణలు అంటాం, పొందూరు పంచెలు అంటాం. బొబ్బిలులు, పొందూరులు అని ఎవరూ అనరు. లాయర్లు కోరుకున్నట్టే పేరు ముందు నిలబడింది, బహువచనం వస్తువుకి తగిలింది. ఎవరూ రూలు పెట్టలేదు. తెలుగులో ఊరి పేరు సహజంగానే విశేషణంలా నడుస్తుంది కాబట్టి అలా కుదిరింది. అంటే మన భాషకి రెండు దార్లూ తెలుసు. ఎక్కడ పేరు ముఖ్యమో అక్కడ వీణలు అంటుంది, ఎక్కడ పని ముఖ్యమో అక్కడ జేసీబీలు అంటుంది. ఎప్పుడు ఏది అనాలో మాట్లాడేవాడికి ఒదిలేస్తే చక్కగా తేలిపోతుంది. ఒకే దారిలో నడవాలని ఎవరో మెమో పంపినప్పుడే చిక్కు.

అలాంటి మెమో ఒకటి నా కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ క్రితం వ్యవసాయ యంత్రాల డీలర్ల కోసం ఒక యాప్‌ని తెలుగులోకి తెచ్చే పని మా టీముకి వచ్చింది. కంపెనీ పేరు అనవసరం. వాళ్ళ నియమం ఏమిటంటే, ఉత్పత్తి పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, దానికి ఏ భాషలోనూ ఏ ప్రత్యయమూ తగలకూడదు. లు, కి, తో, లో ఏదీ కుదరదు. పైగా ఒకటైనా వందైనా ఒకే వాక్యం సరిపోవాలన్నారు. చివరికి స్క్రీను మీద ఏం వచ్చిందంటే "మీ వద్ద 3 ఫలానా యంత్రము(లు) కలవు". బ్రాకెట్లో లు! మూడు అని ముందే రాసుంది కదా, ఇంకా ఆ బ్రాకెట్లో అనుమానం ఎందుకు? బొబ్బిలి దగ్గర డీలరుషిప్పు ఉన్న మా చిన్నాన్న ఆ యాప్‌ని వారం రోజులు వాడి భాష ఇంగ్లీషుకి మార్చేశాడు. ఎందుకని అడిగితే "ఒరే, మనోళ్ళెవులూ ఇలాగ మాటాడరు. ఇదేటో కోర్టు నోటీసులాగుంది. ఇంగ్లీసే నయం" అన్నాడు. ఆయన పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్న మనిషి. ఆ తర్వాత వాడకం లెక్కలు చూసినవాళ్ళు "తెలుగు వాళ్ళు తెలుగు వాడరు" అని తీర్మానించారు. నాకు మండింది అక్కడే. ఆయన ఒద్దన్నది తెలుగుని కాదు, ఆ బ్రాకెట్ని.

టెక్నికల్‌గా ఇది మహా కష్టమైన పనేం కాదు. యూనికోడ్ వాళ్ళ సీఎల్‌డీఆర్ డేటాలో ప్రతి భాషకీ ఎన్ని రకాల వచనాలున్నాయో రాసి పెట్టారు. జపనీసుకి ఒకటే, అరబిక్‌కి ఆరు. తెలుగుకి రెండు, ఒకటైతే ఒక రూపం, కాకపోతే ఇంకోటి. ఐసీయూ మెసేజ్ ఫార్మాట్ అని ఒకటుంది (ఆస్పత్రి ఐసీయూ కాదు), దాంట్లో రెండు రూపాలకీ రెండు పూర్తి వాక్యాలు ఇచ్చుకోవచ్చు. "ఒక జీపు ఉంది", "3 జీపులు ఉన్నాయి". క్రియ కూడా మారింది చూశారా? మాట వెనకాల లు అతికిస్తే చాలదు, వాక్యం మొత్తం వంగుతుంది. అందుకే కోడులో అంకె, ఖాళీ, పేరు, ఆ తర్వాత "లు" అని ముక్కలు అతికించే పద్ధతి తెలుగులో పని చెయ్యదు. దాన్నుంచి వచ్చేవే "5 పుస్తకంలు", "2 ఫైలులు" లాంటి వింత జంతువులు. వాక్యం మొత్తం అనువాదకుడి చేతిలో పెట్టండి, పేరుని తెలుగు లిపిలో రాసుకోనివ్వండి. ఆ పేరుకి లు తగిలించడం యజమానికి నిజంగా ఇబ్బందైతే బొబ్బిలి వీణల పద్ధతి ఉండనే ఉంది, వెనకాల ఒక మామూలు మాట పెట్టి దాన్ని వంచనివ్వండి. అది కూడా మనుషులు వాడే మాట అయ్యుండాలి, బండి, మిషను లాంటిది. యంత్రము(లు) కాదు.

ఇంత చిన్న "లు" కోసం ఇంత గొడవెందుకంటారా? మన ఆఫీసు తెలుగు ఒకసారి వినండి. "సర్వర్స్ డౌన్ అయ్యాయి, లాగ్స్ చెక్ చేసి టికెట్స్ క్లోజ్ చెయ్యండి." ఇందులో తెలుగు ఎంత మిగిలింది? అయ్యాయి, చేసి, చెయ్యండి. మా నాన్న తరం వాళ్ళు టిక్కెట్లు, మీటర్లు, బిల్లులు అన్నారు. మాట పరాయిదైనా "లు" మనది. మనం టికెట్స్, మీటర్స్, బిల్స్ అంటున్నాం. ఈ మధ్య ఇంటికెళ్తే పిల్లలు "టూ దోసాస్" అంటున్నారు, దోసెకి కూడా ఎస్ తగిలింది! లాగ్స్‌ని లాగులు అందామంటే నిక్కర్లు గుర్తొచ్చి టీము టీమంతా నవ్వుతుంది, ఒప్పుకుంటాను. అయినా బగ్గులు, సర్వర్లు, టిక్కెట్లు అనడానికి ఏం అడ్డం? పరాయి మాట వచ్చినందువల్ల భాష చావదు. వచ్చిన మాటని వంచుకునే ఓపిక పోయినప్పుడు చిక్కిపోతుంది.

ఈ సంగతి మా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడింది దీని గురించే కదా, జనం నోట్లో ఉన్న రూపాన్ని తప్పని కొట్టెయ్యకండి, దాన్నే పుస్తకాల్లో రాయండి అని. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని ఏటా జరుపుకుంటున్నాం. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చేయించిన కన్యాశుల్కంలో గిరీశం చేత బోలెడు ఇంగ్లీషు మాట్లాడించారు, నాటకం మాత్రం తెలుగు నాటకంగానే నిలబడింది. ఆ రోజుల్లో మన మాటని ఒద్దన్నది వ్యాకరణ పండితులు. ఇప్పుడు ఒద్దంటున్నది ఎవరో ఎక్కడో రాసిన స్టైల్ గైడు. ఆ గైడుకి తల ఊపేది కూడా చాలాసార్లు మనమే, రిలీజు డేటు దగ్గరకొచ్చిందని.

ఈసారి మీ దగ్గరకి అలాంటి నియమం వస్తే ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ఈ వాక్యాన్ని రాజాంలోనో టెక్కలిలోనో ఎవరన్నా నోటితో అంటారా? అనరు అని తెలిస్తే అదే బగ్గు. టిక్కెట్టు తెరవండి. బగ్గులు మూసెయ్యడం మన ఉద్యోగమే కదా.